చేపకు లవంగపు మత్తు

పంటిపోటునకు లవంగ తైలములో ముంచిన దూదిని పెట్టుట మన పెద్దలెరిగిన చికిత్సయే. ఆ తైలమునకు తిమ్మిరి కలిగించు గుణము యూజినాల్ అను పదార్థము వలన వచ్చినది. దానికి సోదరప్రాయమైన ఐసోయూజినాల్‌ను న్యూజిలండ్‌వారు 1990 దశకములో చేపల మత్తుమందుగా రూపొందించిరి. చంపుటకు ముందు చేపను శాంతపరచుట దాని పని.

చేపకు శాంతి ఎందుకని విద్యార్థులు నవ్వవచ్చును. సముద్రములో పంజరములందు పెంచిన సాల్మన్ చేపలను పట్టునపుడు వలను దగ్గరకు లాగుదురు. వేలకొలది చేపలు ఇరుకున పడి, ప్రాణవాయువు చాలక, తోకలు కొట్టుకొనుచు పెనుగులాడును. ఆ పెనుగులాటలో తెల్లని కండరము తనలోని గ్లైకోజెన్‌ను ప్రాణవాయువు లేకయే వెచ్చించును. లాక్టిక్ ఆమ్లము పేరుకొనును. అట్టి చేప చచ్చిన వెనుక త్వరగా బిగుసుకొనును. మాంసపు పొరలు విచ్చిపోవును. మందు కలిపిన నీటిలో కొంతసేపున్న చేపయో, ఎదురు తిరుగక చేతికి వచ్చును. పిమ్మట తలపై దెబ్బతో చంపుదురు. దాని కండరము బిగియుటకు గంటల వ్యవధి పట్టును గనుక ఆలోగానే ముక్కలు కోయవచ్చును. వర్తకునికి ఈ మందుపై గల ప్రీతికి జాలి యొక్కటే కారణము కాదన్నమాట!

ఆ జాలికిని ఆధారము లేకపోలేదు. 2003లో స్కాట్లండ్‌లోని రోస్లిన్ సంస్థలో లిన్ స్నెడన్ బృందము ట్రౌట్ చేప తలలో హానిని పసిగట్టు నాడీ గ్రాహకములను కనుగొన్నది. పెదవులలోనికి ఆమ్లము ఎక్కించిన చేపలు చాలసేపు మేత ముట్టలేదు. పెదవులను గులకరాళ్లకు రాచుకొన్నవి. ఇది నిజముగా బాధానుభవమేనా యని సందేహించు శాస్త్రజ్ఞులు నేటికిని ఉన్నారు. ఆ వాదము తేలువరకు చేపను ఎట్లు చంపినను దోషము లేదను తర్కము నాకు రుచింపదు.

చిక్కు వేరొకచోట నున్నది. ఈ చేప మందునీటినుండి నేరుగా కంచములోనికి వచ్చునది. అమెరికాలో అనుమతి గల ట్రైకేన్ అను మత్తుమందు వాడినచో 21 దినములు గడువనిదే ఆ చేపను ఆహారమునకు పంపరాదు. కావున పట్టుబడినాడు అది పనికిరాదు. న్యూజిలండ్‌లో ఐసోయూజినాల్‌కు అట్టి గడువు లేదు. అయితే 2010లో అమెరికా జాతీయ విషశాస్త్ర కార్యక్రమమువారు ప్రకటించిన పరీక్షలలో, ఈ పదార్థమును రెండేండ్లు త్రాగించిన మగ చిట్టెలుకలకు కాలేయపు కంతులు హెచ్చినవి. ఆ మోతాదులు చేపలో మిగులు లేశముకంటె ఎన్నో రెట్లు పెద్దవి. ఐరోపా సమాఖ్య 2011లో కిలో చేపమాంసమునకు 6 మిల్లీగ్రాముల అవశేషము వరకు ఒప్పుకొన్నది. అంత స్వల్పమైనను, కొనువానికి ఆ సంగతి తెలిపి అమ్ముట న్యాయము.

నార్వేలో మందు లేకయే, విద్యుత్తుతో గాని యంత్రపు దెబ్బతో గాని చేపకు స్పృహ తప్పింతురు. మాంసములో అవశేషమను మాటయే లేదు. కాని ఆ యంత్రము వద్దకు చేరులోపల చేప పడు ఇరుకు, పెనుగులాట అక్కడను తప్పలేదు.