అమ్మమ్మ గడుల టోపీ

మన యిండ్లలో కుట్టుపెట్టె అడుగున ఎల్లప్పుడును కొన్ని ఊలు ఉండలు మిగిలియుండును. ఒక స్వెట్టరున కొక చేతికైన చాలవు; పారవేయుటకు మనసొప్పదు. అట్టి మిగులు దారములతో ఒక శిశువు టోపీ యల్లు విధమును ఈ మాసమున వివరింపదలచితిని. గత మార్గశిరమున చలిదేశమందున్న మా మనుమరాలి కిట్టి టోపీ నొకదానిని పంపితిని. అది నే నల్లిన రెండవ టోపీ. మొదటిదాని గతి ముందు తెలియగలదు.

చిన్న చిన్న చదరపు గడులను వేరువేరుగ నల్లి, వానిని కలిపి టోపీ చేయుటయే ఇందలి కిటుకు. ఇంగ్లీషు మాటలాడువారు ఈ గడిని 'గ్రానీ స్క్వేర్' అందురు. గ్రానీ యన్న అమ్మమ్మయు నగును, నాయనమ్మయు నగును. నేను అమ్మమ్మను గావున అమ్మమ్మ గడి యనుచున్నాను. నాయనమ్మలు నన్ను క్షమింతురు గాక. అమెరికాలోని 'ప్రెయిరీ ఫార్మర్' అను కర్షకపత్రికలో 1885లోనే ఇట్టి గడి ప్రకటింపబడినది. 1897లో ఇంగ్లండున వెల్డన్ వారి కుట్టుపని పుస్తకములలోను కనబడినది. క్రోషే యన్న ఫ్రెంచిమాటకు చిన్న కొక్కెమని యర్థము. 1845లో ఐర్లండున బంగాళాదుంప పంట కుళ్లి గొప్ప కరవు సంభవించినపుడు అచ్చటి స్త్రీలు ఈ కొక్కెముతో లేసు నల్లి యమ్మి తమ బిడ్డలకు తిండి సంపాదించిరి. వేడుకకును, ఆకలికిని ఈ పనిముట్టు మొదటినుండియు సాధనమై యున్నది.

ఇక సామగ్రి. లేసునకు వాడు సన్నని సూది దీనికి పనికిరాదు. 4 మిల్లీమీటరుల కొక్కెపుసూదియు, దానికి తగిన మధ్యరకపు ఊలును తీసికొనవలెను. ప్రధానమైన రంగు 50 గ్రాముల ఉండ యొకటి యున్న, తక్కినవి మిగులు దారములే చాలును. అన్నియు ఒకే లావుగలవిగ నుండవలెను. లేనిచో గడులు సమముగ రావు. దారమును కొనుటకు ముందు మెడప్రక్కన కొంతసేపు ఆనించి చూచుకొనుడు. మనకు గరగరలాడునది శిశువునకు మరింత గరగరలాడును. చలి యంతగా లేని మన ప్రాంతములకు నూలుదారమే మేలు.

సూది పట్టుటకు ముందు తల కొలువవలెను. ఇచ్చటనే నేను తప్పితిని. మనుమరాలి ఛాయాచిత్రమును చూచి, నాలుగు గడులు చాలునని కంటితో నిర్ణయించి యల్లితిని. చుట్టుకొలత 14 అంగుళములు వచ్చినది. అప్పుడే పుట్టిన శిశువునకు సరిపోవునేమోగాని, ఏడాది నిండిన పిల్లకు నడినెత్తిమీద నిలిచినది. ఆ టోపీ ఇప్పుడు మా వంటింట ఆవకాయజాడీ మూతకు తొడుగై యున్నది.

కావున నుదుటిమీదుగ, చెవుల పైభాగముగ, తలచుట్టును నాడాతో కొలిపించుడు. ఏడాది బిడ్డకు రమారమి 18 అంగుళము లుండును. ఊలు సాగును గనుక టోపీ ఆ కొలతకంటె అర మొదలు ఒక అంగుళము తక్కువగ నుండవలెను. మూడున్నర అంగుళముల గడులు 5 కలిపిన పదునేడున్నర అంగుళములగును. పెద్దవారి తల 22 అంగుళములనుకొందము. అట్టి గడులు 6 చాలును.

గడి అల్లుటకు రెండే కుట్లు తెలిసిన చాలును. మొదటిది గొలుసు: సూదిమీది ఉచ్చులోనుండి దారమును లాగుట, అంతే. రెండవది నిలువు కుట్టు. సూదికి దారము నొకసారి చుట్టి, కుట్టవలసిన సందున సూదిని దూర్చి దారమును లాగినచో సూదిపై మూడు ఉచ్చులుండును. మరల దారమును పట్టి రెండు ఉచ్చులలోనుండి లాగుడు. ఇంకొకసారి పట్టి మిగిలిన రెంటిలోనుండి లాగుడు. ఒక నిలువు కుట్టు పూర్తియైనది.

మొదట 4 గొలుసులు వేసి, మొదటి గొలుసులో సూదిని దూర్చి దారమును అన్నిటిగుండ లాగి ఉంగరము చేయవలెను. 3 గొలుసులు పైకి వేసిన అది ఒక నిలువు కుట్టుతో సమానము. ఉంగరములోనే మరి 2 నిలువు కుట్లు వేయుడు. ఈ మూడును ఒక గుత్తి. 2 గొలుసులు వేసి, మరల 3 కుట్ల గుత్తి. ఇట్లు నాలుగు గుత్తులును, వాని నడుమ రెండేసి గొలుసులును వచ్చిన పిదప మొదటి గుత్తితో కలిపివేయవలెను. ఈ రెండేసి గొలుసుల సందులే గడియొక్క నాలుగు మూలలు.

రెండవ చుట్టునకు రంగు మార్చుడు. ప్రతిమూలలోను ఒక గుత్తి, 2 గొలుసులు, మరల ఒక గుత్తి వేయవలెను. ఒక మూలనుండి మరియొక మూలకు పోవునపుడు ఒక్క గొలుసు చాలును. గడియొక్క ప్రాణమంతయు ఈ మూలలోనే యున్నది. ఒకే సందున రెండు గుత్తులు వేయుటచేతనే గుండ్రముగ పోవలసిన అల్లిక చదరమగుచున్నది. ఒక్క మూల మరచినను గడి గిన్నెవలె వంగును. అట్లు వంగినచో బలిమిని సాగదీయక, విప్పి మరల అల్లుటయే మంచిది. మూడవ చుట్టును ఇట్టిదే. మూలలు కాక ప్రతి ప్రక్కయందలి సందునను ఒక్కొక్క గుత్తి పడును. ఇప్పుడు ఒక్కొక్క ప్రక్కకు మూడేసి గుత్తులుండును. కొలిచి చూడుడు. మూడున్నర అంగుళములు రానిచో కొంచెము లావు సూదితో మరల ప్రయత్నింపవలెను.

రంగు మార్చినపుడెల్ల నాలుగేసి అంగుళముల కొన వదలి, దానిని మొద్దుసూదితో కుట్లలోనికి ముందునకును వెనుకకును దూర్చి దాచవలెను. ఈ పని విసుగు పుట్టించునని నేను దాచను. కాని ముడివేసి కత్తిరించినచో మూడు ఉతుకులకే టోపీ విడిపోవును.

గడులైన తరువాత అతుకుపని. మంచిముఖములు లోపలికి వచ్చునట్లు రెండు గడుల నెదురెదురుగ పెట్టి, కుట్టునకు కుట్టు సరిపెట్టి మొద్దుసూదితో కలపవలెను. అయిదును కలిపి, చివర రెంటిని జతచేసిన వలయమగును. వలయము పై అంచున ప్రతిసందునను, ప్రతి అతుకునను ఒక్కొక్క గుత్తి వేసినచో 15 గుత్తులగును. ఇట్లు మూడు వరుసలు పోయి, నాలుగవ వరుసలో సందునకు రెండేసి కుట్లును, అయిదవ వరుసలో ఒక్కొక్క కుట్టును మాత్రమే వేయుడు. మిగిలిన 15 కుట్లలోను దారమును దూర్చి బిగించి లోపల గట్టిగ ముడి వేసిన నడినెత్తి మూసికొనును. పెద్దవారి కయినచో తగ్గించుటకు ముందు రెండు వరుసలు ఎక్కువ వేయవలెను. క్రింది అంచునకు, సూదికి దారము చుట్టకయే వేయు పొట్టికుట్లు మూడు వరుసలు చాలును. పసిబిడ్డల టోపీకి బొత్తాములు, పూసలు వలదు, నోట పెట్టుకొందురు. నిద్రించునపుడు టోపీ తీసివేయవలెను. శిశువునకు వేడి తలనుండియే యెక్కువగ పోవును గనుక కప్పియుంచిన ఒడలు మిక్కిలి వేడెక్కును.

రెండవ టోపీ అల్లునపుడు నే నొక కాగితముపై కాలమును వ్రాసికొంటిని. గడులకు రెండున్నర గంటలు, కొనలు దాచుటకు ముప్పావుగంట, అతుకుటకు గంట, పైభాగమునకు గంటముప్పావు. అంతయు ఆరు గంటలు. ఇట్లు వ్రాయుటకు కారణ మొకటి కలదు. పట్టణమున ఒక యంగడిలో అచ్చముగ ఇట్టి గడుల టోపీయే కంటబడినది. దాని వెల ఊలు ఖరీదుకంటె ఏమంత యెక్కువ కాదు. యంత్రముతో చేసినదేమో యనుకొంటిని. తరువాత విచారింపగా తెలిసినదేమన, మేజోళ్లు, స్వెట్టరులు యంత్రముపై అల్లవచ్చునుగాని క్రోషే యల్లు యంత్రము వాడుకలో లేదు. స్వెట్టరున ఉచ్చులన్నియు వరుసగా సూదులపై నిలిచియుండును. యంత్ర మొక్కసారిగ వానిని పట్టగలదు. క్రోషేలో ఒక్క కుట్టు ముగిసినగాని మరియొకటి లేదు. సూది దూరవలసిన సందును కన్నును వ్రేలును వెదకవలెను. యంత్రపు జాలరు దూరమునకు క్రోషేవలె కనబడినను అది వేరు అల్లిక. కాబట్టి ఆ టోపీని ఏ దేశముననో ఒక స్త్రీ గంటలతరబడి కూర్చుండి చేతితోనే అల్లినది. ఆ వెలలో ఆమె కెంత ముట్టినది?

ఈ ప్రశ్న మనకు క్రొత్తది కాదు. పశ్చిమగోదావరి జిల్లా నరసాపురప్రాంతమున క్రైస్తవ మిషనరీల మూలమున 19వ శతాబ్దిలో వచ్చిన క్రోషే లేసు, వేలకొలది గృహములలో స్త్రీలకు జీవనాధారమైనది. పూలు అల్లువా రొకరు, వానిని కలుపు అతుకుపనివా రొకరు. సరకు సముద్రము దాటిపోవును. మారియా మీస్ అను జర్మను విదుషి వారిని గూర్చి 1982లో ఒక గ్రంథమును ప్రకటించినది. ఇల్లాండ్రు తీరికవేళ చేసికొను పని యని పేరు పెట్టుటచేతనే వారి కూలి అంత తక్కువగ నుండెనని ఆమె చూపినది. నరసాపురము లేసునకు 2024లో భౌగోళిక గుర్తింపు లభించినది. సరకునకు పేరు వచ్చుట సంతోషమే. ఆ పేరు కూలిలోనికి ఎంత దిగునో చూడవలసియున్నది.

మా మనుమరాలి టోపీని చూచి పొరుగింటి వదినగారు, "మా పిల్లవానికిని ఒకటి అల్లిపెట్టు వదినా, ఊలు ఖరీదిచ్చెదను" అనిరి. నేను ఊలు ఖరీదుతోపాటు ఆరు గంటల కూలియు చెప్పితిని. ఆమె నా ముఖమును, కాగితమును మార్చి మార్చి చూచి, లోపలికిపోయి తమ కుట్టుపెట్టెనే తెచ్చుకొనిరి. ప్రస్తుతము మూడవ గడిలో నున్నారు. రెండవదానికి ఒక మూల తప్పినది; విప్పుచున్నారు.