మెదడు లేదు... అయినా మర్చిపోదు!

ఇంటి గోడమీది బల్లిని చీపురుతో అదిలిస్తే ఏం చేస్తుంది? తోక వదిలేసి పారిపోతుంది. తెగిన తోక గిలగిలా కొట్టుకుంటుంటే అందరి చూపూ దానిమీదే! కోహెడలోనైనా కాకినాడలోనైనా ఇది తెలిసిన దృశ్యమే. సముద్రం అడుగున కూడా సరిగ్గా ఇదే ఎత్తు వేసే జీవి ఉంది. దాని పేరు బ్రిటిల్ స్టార్... అంటే పెళుసు నక్షత్రం.

చాలా జాతుల్లో శరీరం రూపాయి బిళ్లంతే. దాని చుట్టూ పాముల్లా మెలికలు తిరిగే అయిదు సన్నని చేతులు. నక్షత్ర చేపకి దగ్గరి చుట్టమే కానీ, నడక మాత్రం వేరు. ఒక చెయ్యి ముందుంటే దానికి రెండు పక్కలా ఉన్న చేతులు పడవ తెడ్లలా నేలను నెడుతుంటాయి. పక్కకి తిరగాలంటే ఒళ్లు తిప్పక్కర్లేదు. ఇంకో చేతిని 'ముందు' అనుకుంటే సరి! ఈ సంగతిని 2012లో అమెరికాలోని బ్రౌన్ యూనివర్సిటీ పరిశోధకుడు హెన్రీ ఆస్ట్లీ వివరించారు.

నోరు శరీరం అడుగున ఉంటుంది. తిన్నదాంట్లో మిగిలిన వ్యర్థమూ ఆ దారినే బయటికి రావాలి. చేపో పీతో చెయ్యి పట్టుకుంటే అక్కడి కణజాలం ఒక్కసారిగా పట్టు సడలి చెయ్యి ఊడిపోతుంది. తర్వాత మెల్లగా కొత్తది మొలుస్తుంది. ఓఫియాక్టిస్ సావిన్యీ అనే ఆరు చేతుల జాతి అయితే రెండు ముక్కలై, రెండు జీవులుగా బతికేస్తుంది!

ప్రపంచంలో వీటి జాతులు రెండువేలకు పైనే. మన బంగాళాఖాతమూ వీటి ఇల్లే. బ్రిటిష్ పాలనలో 'ఇన్వెస్టిగేటర్' అనే సర్వే నౌక మన సముద్రాల లోతుల్లోంచి సేకరించిన వాటిని ఫ్రెంచి శాస్త్రవేత్త రెనే కోలర్ పరిశీలించి, 1899లో పుస్తకంగా తెచ్చారు.

వీటికి మెదడు లేదు. నోటి చుట్టూ ఒక నాడీ వలయం, అందులోంచి చేతుల్లోకి నాడులు... అంతే. అయినా నేర్చుకుంటాయి! అమెరికాలోని డ్యూక్ యూనివర్సిటీ పరిశోధకులు తొట్టెలో లైటు తగ్గించి రొయ్య ముక్క వేయడం అలవాటు చేశారు. కొన్ని నెలలకి, మేత వేయకముందే, లైటు తగ్గగానే అవి దాక్కున్నచోటు నుంచి బయటికి రావడం మొదలెట్టాయి. ఈ ఫలితాలు 2023లో వెలువడ్డాయి.

ఇంత తెలివైన జీవికీ ఓ ముప్పు పొంచి ఉంది. బండ్లూ ఫ్యాక్టరీలూ వదిలే కార్బన్ డై ఆక్సైడ్‌లో కొంత సముద్రంలో కరిగి నీటి ఆమ్లత్వాన్ని పెంచుతోంది. యాంఫియూరా ఫిలిఫార్మిస్ అనే జాతిని అలాంటి నీటిలో ఉంచి చూశారు ఇంగ్లండు శాస్త్రవేత్తలు. సున్నపు అస్థిపంజరాన్ని కాపాడుకునేందుకు అది చేతుల్లోని కండను కరిగించుకుందని 2008లో తేల్చారు. బురదలో ఉండే ఈ జాతి చేతులు ఆడిస్తేనే దాని బొరియలోకి కొత్త నీరు, ప్రాణవాయువు అందేది. పైకెత్తిన చేతులతోనే అది మేత పట్టుకునేది కూడా.

తెగిన చెయ్యి మళ్లీ మొలుస్తుంది. కానీ ఉన్న చేతుల్లోనే సత్తువ పోతే? ఆ ప్రశ్నకు జవాబు సముద్రం అడుగున లేదు... ఒడ్డునున్న మన దగ్గరే ఉంది.