ముందు తిప్పాలి, ఆ తరువాతే మంట



పట్నములో చదువుకుంటున్న పిల్లలు సెలవులకు ఇంటికి వచ్చి, కంప్యూటరు ముందు కూర్చుని విమానము నడుపుతున్నామని చెబితే చాలామంది తల్లిదండ్రులు నొచ్చుకుంటారు. "చదువు మాని ఈ ఆటలేమిటి?" అంటారు. ఆ మాటలో న్యాయము లేకపోలేదు. గంటల తరబడి తెరకు అతుక్కుపోయే పిల్లలను మేమూ చూస్తున్నాము. అయితే ఇదీ ఆ కోవలోనిదేనని తేల్చివేసే ముందు, పిల్లవాడి పక్కన కూర్చుని ఒక్క పని చూడమని కోరుతున్నాము. విమానము ఎగరడము కాదు, దిగడమూ కాదు. నేల మీద చల్లగా, దీపాలు లేకుండా నిలిచివున్న పెద్ద ప్రయాణికుల విమానపు ఇంజనును, ఒక్కొక్క మీటా వేసుకుంటూ చేత్తో ప్రారంభించడము.

విమానము నడపడాన్ని నేలమీదనే నేర్పే యంత్రమును సిమ్యులేటర్ అంటారు. దాని పుట్టుక మన సంఘాల వారికి వింతగా ఉంటుంది. అమెరికాలోని బింగ్‌హామ్‌టన్‌లో ఎడ్విన్ లింక్ అనే యువకుని కుటుంబానికి పియానోలు, ఆర్గన్లు తయారుచేసే కర్మాగారము ఉండేది. ఆర్గన్‌కు ఊపిరి పోసే గాలితిత్తులనే తీసుకుని, అటూ ఇటూ వాలే ఒక చిన్న విమానపు పెట్టెను అతడు 1929లో తయారుచేశాడు. మొదట దానిని వినోదపు వస్తువుగానే చూశారు. 1934లో ఉత్తరాలు మోసే పని అమెరికా సైన్యము మీద పడి, చెడు వాతావరణములో పైలట్లు వరుసగా మరణించిన తరువాతనే సైన్యము ఆరు యంత్రాలను కొన్నది. ఇంటి కంప్యూటరులోకి ఈ విద్య వచ్చి కూడా చాలా కాలమైంది. బ్రూస్ ఆర్ట్‌విక్ రూపొందించిన ఫ్లైట్ సిమ్యులేటర్‌ను మైక్రోసాఫ్ట్ కంపెనీ 1982లో విడుదల చేసింది. దాని కొత్త రూపాలు 2020లోనూ 2024లోనూ వచ్చాయి. డబ్బు పెట్టి కొనలేనివారికి ఫ్లైట్‌గేర్ అనేది ఉచితముగానే దొరుకుతుంది.

మైక్రోసాఫ్ట్ వారి దానిలో కంట్రోల్ మీటను, ఈ అక్షరపు మీటను కలిపి నొక్కితే చాలు, ఇంజన్లు వాటంతట అవే మొదలవుతాయి. పిల్లలు ఎక్కువమంది చేసేది అదే. అలా చేసినవాడు ఇంజను గురించి ఏమీ నేర్చుకోడు. మీట విడిచిపెట్టి చేత్తో చేసినవాడి సంగతి వేరు.

కృష్ణా డెల్టాలోని ఒక గ్రామములో ఒక మనుమడు బోయింగ్ 737-800 ఇంజనును ఇలా ప్రారంభిస్తుండగా మేము చూశాము. పక్కన వాళ్ల తాతగారు కూర్చున్నారు. ఆయన ముప్ఫై ఏళ్లు ఆయిల్ ఇంజనుతో పొలానికి నీళ్లు తోడినవారు. అబ్బాయి తెర మీద అంకెలు చూపిస్తూ, "తాతయ్యా, ఇప్పుడు ఆయిలు ఇవ్వమంటావా?" అని అడిగాడు. "ఆగరా, ఇంకా ఊపు రాలేదుగా!" అన్నారాయన. విమానము ఎక్కని ఆ పెద్దాయన అసలు కిటుకును ఒక్క మాటలో పట్టేశారు.

ఆయిల్ ఇంజనును హ్యాండిలుతో తిప్పినవారికి ఇది తెలిసిన సంగతే. పైనున్న చిన్న లివరు ఎత్తిపట్టి, బరువైన చక్రానికి బాగా ఊపు వచ్చేదాకా తిప్పి, అప్పుడు లివరు వదిలితేనే ఇంజను అందుకుంటుంది. ఊపు చాలకముందే వదిలితే ఆగిపోతుంది. విమానపు ఇంజనుకూ అదే న్యాయము. తేడా ఏమిటంటే, దానిని తిప్పేది మనిషి చెయ్యి కాదు, గాలి.

ఆ గాలి తోకలో ఉన్న చిన్న ఇంజను నుండి వస్తుంది. దానిని ఏపీయూ అంటారు. బ్యాటరీ వేసి మొదట దానిని ప్రారంభిస్తారు. అది కరెంటునూ, ఒత్తిడితో కూడిన గాలినీ ఇస్తుంది. తరువాత ఇంధనపు పంపులు వేస్తారు. ప్రయాణికులకు చల్లగాలి ఇచ్చే యంత్రాలను కాసేపు ఆపుతారు, ఉన్న గాలి అంతా ఇంజనును తిప్పడానికే కావాలి గనుక. విమానము కదలబోయే ముందు తల మీది గాలి చప్పుడు కొద్దిసేపు ఆగడము గల్ఫ్ దేశాలకు వెళ్లివచ్చిన మనవారిలో కొందరు గమనించే ఉంటారు. కారణము ఇదే.

ఇప్పుడు సాధారణముగా కుడివైపు ఇంజను మీట తిప్పుతారు. గాలి ఒక చిన్న చక్రమును తిప్పుతుంది, అది ఇంజను లోపలి భాగమును తిప్పుతుంది. ఆ వేగమును ఎన్‌2 అనే పేరుతో నూటికి ఇంత అని తెర చూపుతుంది. నూరు అంటే నిమిషానికి 14 వేలకు పైగా చుట్లు. అంకె నెమ్మదిగా పెరుగుతుంది: పది, పదిహేను, ఇరవై. ముందున్న పెద్ద రెక్కల చక్రము కూడా కదలడము మొదలైందా, నూనె ఒత్తిడి వస్తున్నదా అని చూసుకుంటూ ఊరకే కాచుకోవాలి. పిల్లలకు కష్టమైన భాగము ఇదే. ఇరవై అయిదుకు చేరాక ఇంధనపు లివరు ఎత్తుతారు. అప్పుడే ఇంధనమూ నిప్పురవ్వా కలుస్తాయి.

అంత కాచుకోవడము ఎందుకు? మంట మండినప్పుడు లోపలి లోహమును కాపాడేది వేగముగా సాగిపోయే గాలియే. ఇంజను చాలినంత తిరగకముందే ఇంధనము పోస్తే, గాలి తక్కువై వేడి మితిమీరుతుంది, రెక్కలు పాడవుతాయి. ఈ ఇంజనులో ప్రారంభపు వేడికి 725 డిగ్రీల సెల్సియస్ హద్దు. లివరు ఎత్తిన పది సెకన్లలో వేడి పెరగడము మొదలుకాకపోయినా, పెరుగుదల హద్దు వైపు పరుగెత్తినా, పైలట్ వెంటనే లివరు కిందికి దించేయాలి. తరువాత ఒక నిమిషము పాటు ఇంజనును గాలితోనే ఊరకే తిప్పి, లోపల మిగిలిన ఇంధనమును ఊదివేస్తారు. అంతా సవ్యముగా ఉంటే యాభై ఆరు దగ్గర మీట టక్కుమని తనంతట తానే వెనక్కి వస్తుంది, ఇంజను అరవై ప్రాంతములో నిలకడగా తిరుగుతుంది.

మా దృష్టిలో దీనిలో నేర్చుకోదగినది ప్రారంభించడము కన్నా ఆపడమే. లివరు మీద చెయ్యి ఉంచి, కళ్లు వేడి అంకె మీద నిలిపి, 'ఇది సరిగా లేదు' అని తోచిన క్షణములో దించగలగాలి. ఇంత దూరము వచ్చాము కదా, ఇంకొంచెము చూద్దామనుకుంటే కోట్ల విలువైన ఇంజను కాలిపోతుంది.

ఇంకొక చిన్న మీట ఉన్నది, పిల్లలు దానిని తరచుగా మరచిపోతారు. ఇంజను తిప్పకముందే విమానము మీది ఎర్ర దీపము వేయాలి. చక్రాల దగ్గర, సామాను తలుపుల దగ్గర పనిచేసేవారికి అది హెచ్చరిక. తిరుగుతున్న ఇంజను మనిషిని లోపలికి లాగేసుకోగలదు. తెర మీద ఆ మనుషులు కనబడకపోవచ్చు. అయినా ఆ దీపము వేయకుండా ముందుకు వెళ్లనివ్వవద్దని పెద్దలకు మా మనవి.

ఇంజనును తిరిగి ప్రారంభించడమే ప్రాణాలు నిలిపిన ఒక సంఘటన ఉన్నది. 1982 జూన్ 24న బ్రిటిష్ ఎయిర్‌వేస్ వారి బోయింగ్ 747 కౌలాలంపూర్ నుండి పెర్త్‌కు ఎగురుతున్నది. లండన్‌లో బయలుదేరి బొంబాయి, మద్రాసుల మీదుగా ఆక్లాండ్ వెళ్లే ప్రయాణములో అది ఒక భాగము. ఇండొనేషియాలో గలుంగుంగ్ అగ్నిపర్వతము వెదజల్లిన బూడిదలోకి రాత్రివేళ ప్రవేశించి, దాని నాలుగు ఇంజన్లూ ఆగిపోయాయి. విమానములో 263 మంది ఉన్నారు. 37 వేల అడుగుల ఎత్తు నుండి సుమారు 13 వేల అడుగుల వరకు అది జారుతూ దిగింది. కెప్టెన్ ఎరిక్ మూడీ, ఆయన సహచరులు ఆ చీకటిలో, పొగ వాసనలో, ఇంజను ప్రారంభించే వరుసను మళ్లీ మళ్లీ మొదటి నుండి చేస్తూనే ఉన్నారు. చివరకు ఒక్కొక్కటే అందుకున్నాయి. ఒకటి మరల ఆగిపోయినా, మూడింటితో జకార్తాలో దిగారు. అందరూ క్షేమము. గాలిలో ప్రారంభించే పద్ధతి నేల మీది దానికి భిన్నమే. ముందుకు సాగే వేగమే అక్కడ ఇంజనును తిప్పుతుంది. కాని ముందు తిరగడము, తరువాత మంట అనే వరుస మారదు.

ఇప్పటి విమానాల్లో చాలావరకు ఈ కాపలా కంప్యూటరే కాస్తుంది. ఎయిర్‌బస్ ఏ320లో పైలట్ రెండు మీటలు వేస్తే చాలు, ఇంధనము ఎప్పుడు ఇవ్వాలో, ఎప్పుడు ఆపాలో అదే చూసుకుంటుంది. అయినా తల పైన చేత్తో ప్రారంభించే బొత్తాము ఒకటి ఉంచారు. అది నొక్కితే ఇరవై దాటాక ఇంధనము ఇచ్చే బాధ్యత మరల పైలట్‌దే.

ఇంటి సిమ్యులేటరుకు ఒక లోపము ఉన్నదని తల్లిదండ్రులు తెలుసుకోవాలి. చాలా ఉచిత విమానాల్లో తొందరపడి ఇంధనము పోసినా ఏమీ కాదు, ఇంజను బుద్ధిగా మొదలవుతుంది. అప్పుడు పిల్లవాడు తప్పునే అలవాటు చేసుకుంటాడు. అందుచేత వరుసను తెలుగులోనే ఒక కాగితము మీద రాయించండి. ఒకరు చదవాలి, ఇంకొకరు చేసి, చేశానని పలకాలి. నిజమైన విమానములోనూ ఇద్దరు కూర్చునేది ఇందుకే. చదివేవారికి ఇంగ్లీషు రానక్కరలేదు, అమ్మ గాని నాయనమ్మ గాని చదవవచ్చు.

రెండవ ఇంజను కూడా నిలకడకు వచ్చాక ఆ కాగితము మీద ఇంకొక పంక్తి ఉండాలి: ఇంజన్ల జనరేటర్లకు కరెంటు మార్చిన తరువాతే తోకలోని ఏపీయూను ఆపాలి. అది తప్పితే తెరలు చాలావరకు ఒక్కసారిగా చీకటవుతాయి. ఈ తప్పును మాత్రము ఇంటి సిమ్యులేటరు కూడా సాధారణముగా క్షమించదు.