దొరికిన ప్రతులు, దిద్దిన పాఠాలు

1416 వేసవిలో పోజ్జో బ్రాచ్చోలీనికి చేతిలో పని లేదు. పోపు కొలువులో లేఖరి ఆయన. ఆ పోపునే ముందటేడు కాన్‌స్టెన్స్‌లో కూర్చున్న మతసభ గద్దె దించేసింది. ఖాళీగా ఉండలేక ఇద్దరు మిత్రులను వెంటేసుకుని దగ్గర్లోని సెయింట్ గాల్ మఠానికి వెళ్లాడు. అక్కడ ఒక బురుజు అడుగున, బూజు పట్టిన పుస్తకాల మధ్య ప్రాచీన రోమన్ గురువు క్వింటీలియన్ రాసిన వక్తృత్వ గ్రంథం కనిపించింది. పన్నెండు భాగాలూ ఉన్నాయి. అప్పటిదాకా ఇటలీ పండితులు చదువుకున్నవి నడుమ నడుమ పేజీలు పోయిన ప్రతులు. పోజ్జో మొత్తం తన చేత్తో నకలు తీశాడు.

తర్వాత మిత్రుడికి రాసిన ఉత్తరంలో సన్యాసులను ఉతికి ఆరేశాడు. మరణశిక్ష పడ్డవాళ్లను కూడా తోయరానంత మురికికొట్టులో ఆ పుస్తకాన్ని బంధించారన్నది ఆయన ఫిర్యాదు. ఆ ఉత్తరం పుణ్యమా అని పోజ్జో విమోచకుడు, సన్యాసులు జైలర్లు అన్న కథ నేటికీ నడుస్తోంది. నాకు మాత్రం ఇది కాస్త కృతఘ్నతగానే తోస్తుంది. ఆ జైలర్లు తోలు మీద అక్షరం అక్షరం దించి వందల ఏళ్లు కాపాడకపోతే విడిపించడానికి అక్కడేం ఉండేది? పోజ్జో అందమైన చేతిరాతకు ఒరవడి కూడా వాళ్లదే. పోజ్జో లాంటి మానవతావాదులు ‘ప్రాచీన లిపి’ అంటూ మురిసిపోయినది షార్లమాన్ కాలపు మఠాల్లో రూపు దిద్దుకున్న రాత. అచ్చుయంత్రం వచ్చాక అదే రోమన్ టైపయింది.

మరుసటేడు, 1417లో, జర్మన్ నేలమీది మరో మఠంలో పోజ్జోకి లుక్రీషియస్ దొరికాడు. అణువుల గురించి లాటిన్‌లో చెప్పిన మహాకావ్యం అది. నకలు రాయించి ఫ్లోరెన్స్‌లోని మిత్రుడు నికోలో నికోలీకి పంపితే, ఆయన ఏళ్లూ పూళ్లూ తిరిగి ఇవ్వలేదు. పోజ్జో ఉత్తరాల మీద ఉత్తరాలు రాశాడు. పుస్తకం అరువిచ్చినవాడి బాధ ఆ రోజుల్లోనూ ఇంతే! పోజ్జో పంపిన ప్రతి ఇప్పుడు లేదు. నికోలీ దాన్ని చూసి రాసుకున్నది ఫ్లోరెన్స్‌లోని లారెంజియానా గ్రంథాలయంలో ఉంది.

దొరికాక ప్రతులు పోయిన కథలు ఇలాంటివి ఇంకా ఉన్నాయి. 1345లో వెరోనాలో రోమన్ వక్త సిసిరో ఉత్తరాలు చూసి కవి పెట్రార్క్ ఉప్పొంగిపోయాడు. ఆ ప్రతి నిలవలేదు. 1421లో లోడి చర్చిలో సిసిరో వక్తృత్వ గ్రంథాలు పూర్తిగా దొరికాయి. 1428 తర్వాత ఆ ప్రతి జాడ లేదు. కొత్త నకలు చేతికొచ్చాక పాతదాన్ని ఎవరు పట్టించుకుంటారు?

అందుకే నా ఓటు ప్రతులు వెతికినవాళ్ల కంటే, వాటిని పోల్చి పాఠం దిద్దినవాళ్లకి. అలాగని దిద్దడం భద్రమైన పనేం కాదు. 1516లో బాసెల్‌లో పండితుడు ఎరాస్మస్ గ్రీకు కొత్త నిబంధనను హడావిడిగా అచ్చువేయించాడు. ప్రకటన గ్రంథానికి ఆయన దగ్గరున్నది ఒకే గ్రీకు ప్రతి. దాని చివరి ఆకు చిరిగిపోయింది. అలా పోయిన ఆరు వచనాలనూ లాటిన్ నుంచి తానే గ్రీకులోకి మార్చేశాడు. లాటిన్ ప్రతుల్లో ఏ లేఖకుడో రెండక్షరాలు పొరబడితే ‘జీవవృక్షం’ కాస్తా ‘జీవగ్రంథం’ అయి కూర్చుంది. ఎరాస్మస్ ఆ తప్పునూ గ్రీకులోకి దించాడు. 1611 నాటి ఇంగ్లిష్ బైబిల్లోనూ అదే అచ్చయింది.

ఈ పనికి ఒక పద్ధతి దొరికింది ఒక బైండరు పొరపాటు వల్ల. సిసిరో మిత్రులకు రాసిన ఉత్తరాలకు 1392లో తయారైన ప్రతి ఒకటుంది. బైండరు ఫారాలు తారుమారు చేసి కుట్టేశాడు. ఆ తర్వాతి ప్రతులు చాలావాటిలో ఉత్తరాలు సరిగ్గా అదే గజిబిజి వరసలో ఉండటం ఫ్లోరెన్స్ పండితుడు పోలిజియానో కనిపెట్టాడు. అంటే అవన్నీ దీని సంతానమే. ఇక వాటన్నిటి సాక్ష్యం కలిపినా ఒక్క సాక్ష్యం కిందే లెక్క. 1489లో అచ్చయిన తన పుస్తకంలో ఈ సంగతి రాశాడు. ఎక్కువ ప్రతుల్లో ఉన్నదే సరైన పాఠమనో, చెవికి ఇంపుగా ఉన్నదే కవి మాటనో తేల్చేసే రోజుల్లో, ముందు ఏ ప్రతికి ఏది తల్లో చూడమన్నాడు. నా దృష్టిలో సెయింట్ గాల్ బురుజులో దొరికినదాని కంటే ఇది పెద్ద నిధి. అయినా సమకాలికుల్లో ఎక్కువమంది దీన్ని అందిపుచ్చుకోలేదు. తోచినట్టు దిద్దుకుంటూనే పోయారు.

ఆ దారి చివరికంటా నడవడానికి మూడున్నర శతాబ్దాలు పట్టింది. 1850లో జర్మన్ పండితుడు కార్ల్ లాఖ్‌మాన్ లుక్రీషియస్ కావ్యాన్ని పరిష్కరించాడు. ప్రతుల్లోని తప్పులనూ పద్యపాదాల తారుమారునూ పోల్చి, ఎవరూ చూడని మూలప్రతికి పేజీకి 26 పంక్తులుండేవని లెక్కగట్టాడు. అందుకు ఆయన ప్రధానంగా నమ్ముకున్నది పోజ్జో వంశపు ప్రతులను కాదు. నెదర్లాండ్స్‌లోని లైడెన్‌కు చేరిన తొమ్మిదో శతాబ్దపు ప్రతులు రెండింటిని. అవి రాసింది ఆ కాలపు లేఖకులు.