గ్యాస్ బావి రాకముందే మన బోరు నీళ్ల రిపోర్టు ఎందుకు? ఫ్రాకింగ్ చూసిన రెండు ఊళ్ల సంగతి

బోరు నీళ్లలో ఉప్పు ఎంతుందో ఈసీ మీటరుతో ఎలా చూసుకోవాలో పై వీడియోలో చూపించాను. గ్యాస్ బావులున్న ఊళ్లవాళ్లు ఈ పరీక్ష తప్పకుండా చేయించుకోవాలని చివర్లో ఒక మాట అన్నాను. ఎందుకో చెప్పడానికి వీడియోలో టైం చాలలేదు, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఒక గందరగోళం తీసేద్దాం. అనంతపురం వైపు, తెలంగాణలోనూ నీళ్లు తగ్గిన బోర్లకు లారీ తెచ్చి హైడ్రో ఫ్రాక్చరింగ్ చేస్తారు కదా. అక్కడ వట్టి నీళ్లనే ప్రెషర్‌తో కొట్టి, రాతి పగుళ్లలో పూడిపోయిన మట్టిని తోసి ఊట పెంచుతారు. దానికి భయపడాల్సిన పనిలేదు. గ్యాస్ కోసం చేసేదానికి పేరు అదే, సూత్రమూ అదే. లోతు, ప్రెషర్, నీళ్లలో కలిపేవి మాత్రం పూర్తిగా వేరు. దాన్నే పొట్టిగా ఫ్రాకింగ్ అంటారు.

షేల్ అనే పలకరాయిలో గ్యాస్ ఉంటుంది గానీ రాయి గట్టిది, గ్యాస్ కదలదు. అమెరికాలో మార్సెల్లస్ అనే షేల్ పొర కోసం ఒకటిన్నర, రెండు కిలోమీటర్ల లోతుకు దిగి, అక్కణ్ణించి బావిని అడ్డంగా మళ్లించి ఇంకో కిలోమీటరు పైనే తవ్వుతారు. ఆ తర్వాత నీళ్లు, ఇసుక, కొన్ని రసాయనాలు కలిపి విపరీతమైన ప్రెషర్‌తో పంపిస్తారు. రాయి పగులుతుంది. ఇసుక ఆ పగుళ్లు మూసుకుపోకుండా ఆపుతుంది. గ్యాస్ పైకొస్తుంది.

ఒక్కో బావికి కోటిన్నర లీటర్ల దాకా నీళ్లు పడతాయి అనగానే అందరం గుండెలు బాదుకుంటాం. లెక్క వేసి చూడండి. ఎకరం వరికి ఒక పంటకు 50 లక్షల లీటర్ల దాకా పెడుతున్నాం. అంటే మూడెకరాల వరికి పట్టే నీళ్లు. నా దృష్టిలో అసలు సమస్య బావి ఎంత తాగుతుందన్నది కాదు, ఏం కక్కుతుందన్నది. మన పొలంలో పెట్టిన నీళ్లలో కొన్ని ఆవిరై, కొన్ని మళ్లీ భూమిలోకి ఇంకుతాయి. ఫ్రాకింగ్‌లో పంపిన నీళ్లు చాలావరకు ఆ లోతులోనే ఉండిపోతాయి. పైకి తిరిగొచ్చేవి రాతి పొరలోని ఉప్పునంతా కరిగించుకొని వస్తాయి. మార్సెల్లస్ బావుల నుంచి వచ్చే నీళ్లు కొన్నిచోట్ల సముద్రపు నీళ్ల కంటే ఐదు రెట్లు ఉప్పగా ఉంటాయి. బేరియం, స్ట్రాన్షియం, రేడియం కూడా వస్తాయి. మట్టి ఈసీ 3 దాటితే వరి దిగుబడి తగ్గడం మొదలవుతుంది. సముద్రపు నీటి ఈసీ 50 చుట్టూ ఉంటుంది. ఇక మీరే ఊహించుకోండి.

ప్రకృతి వ్యవసాయం చేసే మనకు ఇక్కడ ఇంకో చిక్కు ఉంది. పురుగుమందు అవశేషాన్ని సూక్ష్మజీవులు కాలక్రమంలో కొంత విరగ్గొడతాయి. సోడియం, బేరియం మూలకాలు. ఎన్ని డ్రమ్ముల జీవామృతం పోసినా వాటిని తిని మాయం చేసే సూక్ష్మజీవి లేదు. కడిగి కిందికి పంపించాలి, లేదా మోసుకుపోవాలి, అంతే.

పశువుల సంగతీ చెప్పాలి. 2010లో పెన్సిల్వేనియా రాష్ట్రంలోని టియోగా కౌంటీలో, గ్యాస్ బావి పక్కన వాడేసిన నీళ్లు నిలవచేసిన చెరువు కారింది. ఆ నీళ్లు పక్క పచ్చిక బయల్లోకి వచ్చాయి. అక్కడ మేసే 28 పశువులను ఆ రాష్ట్ర వ్యవసాయ శాఖ క్వారంటైన్‌లో పెట్టింది. స్ట్రాన్షియం మాంసంలోకి చేరి ఉంటుందన్నది వాళ్ల ప్రధాన భయం. పశువులు కళ్లముందే ఉన్నాయి, అమ్ముకోవడానికి లేదు.

ఇక రెండు ఊళ్ల సంగతికి వద్దాం. రెండూ అమెరికావే, ఒకే షేల్ పొర మీద ఉన్నాయి. రాష్ట్ర సరిహద్దుకు ఒకటి అటు, ఒకటి ఇటు.

డిమాక్ పెన్సిల్వేనియాలో ఉంది. మొదట్లో కంపెనీ మనుషులు ఎకరానికి 25 డాలర్లు ఇచ్చి లీజు రాయించుకున్నారు. ఊరిలో చర్చ అంటూ పెద్దగా లేదు, ఇంటింటికీ వచ్చి సంతకాలు పెట్టించుకోవడమే. 2009 జనవరి 1న ఒక ఇంటి మంచినీటి బోరు పేలిపోయింది. మీథేన్ చేరింది అందులో. రెండు కిలోమీటర్ల కింది పగుళ్లు పైదాకా వచ్చాయని అనుకోకండి. గ్యాస్ బావి కేసింగ్ చుట్టూ పోసే సిమెంటు సరిగా పట్టకపోతే, ఆ సందులోంచి గ్యాస్ పైకి పాకి మంచినీటి పొరలో కలుస్తుందని అక్కడి అధికారులు తేల్చారు. మన బోర్లలోనూ అంతే కదా, కేసింగ్ సరిగ్గా దింపకపోతే పై మురుగు లోపలికి దిగుతుంది. ఇక్కడ కింది నుంచి పైకి. 2011లో డ్యూక్ యూనివర్సిటీ వాళ్లు ఆ ప్రాంతపు బోర్లు పరీక్షిస్తే, గ్యాస్ బావులకు కిలోమీటరు లోపు ఉన్న మంచినీటి బోర్లలో మీథేన్ సగటున 17 రెట్లు ఎక్కువ కనిపించింది. ఫ్రాకింగ్ రసాయనాల జాడ మాత్రం ఆ నీళ్లలో దొరకలేదు. ఇదీ చెప్పాలి, ఎందుకంటే ఏ మీటింగ్‌లోనైనా మనం ఎక్కువ చేసి చెబితే అవతలివాళ్లు ఆ ఒక్క ముక్క పట్టుకొని మిగతాదంతా కొట్టిపారేస్తారు.

కంపెనీ వాదన ఏంటంటే, ఈ మీథేన్ ఇక్కడి నేలలో ఎప్పట్నుంచో ఉన్నదేనని. కొన్ని బోర్లలో నిజంగానే ముందునుంచీ ఉండొచ్చు కూడా. తవ్వకముందు నీళ్లు ఎలా ఉండేవో చాలామంది దగ్గర కాగితం లేదు. అక్కడే దెబ్బతిన్నారు. కబోట్ కంపెనీ వారసులు 2022 నవంబరులో కోర్టులో అభియోగాలను ఎదిరించకుండా, ఊరికి మంచినీటి లైను వేయడానికి దాదాపు 1.6 కోట్ల డాలర్లు ఇవ్వడానికి ఒప్పుకున్నారు. అప్పటికి పదమూడేళ్లు దాటింది. మధ్యలో 2012లో ఆ రాష్ట్రం ఒక చట్టం తెచ్చింది. బావికి 2,500 అడుగుల లోపు, పని జరిగిన 12 నెలల లోపు నీళ్లు చెడిపోతే తప్పు కంపెనీదే అనుకోవాలి. అయితే తవ్వకముందే నీళ్లు చెడ్డవని కంపెనీ రిపోర్టు చూపిస్తే బయటపడొచ్చు. పరీక్షకు వస్తే రైతు రానివ్వకపోయినా బయటపడొచ్చు. రిపోర్టు విలువ మనకన్నా కంపెనీలకే ముందు అర్థమైంది.

డ్రైడెన్ న్యూయార్క్ రాష్ట్రంలో ఉంది, 14 వేల జనాభా. అక్కడా వేల ఎకరాలు లీజుకు రాసేశారు. అయితే బావులు ఇంకా తవ్వలేదు, 2008 నుంచి రాష్ట్రం అనుమతులు ఆపి ఉంచింది. ఆ టైంలో ఊరివాళ్లు కూర్చొని మాట్లాడుకున్నారు. గ్యాస్ పరిశ్రమను నియంత్రించే అధికారం ఊరికి లేదు, రాష్ట్ర చట్టం అలా ఉంది. అందుకని వాళ్లు బావి ఎలా తవ్వాలన్న జోలికే పోలేదు. మా ఊరి భూమి దేనికి వాడాలి, దేనికి వాడకూడదు అన్నది మాత్రం మేం చెప్పొచ్చు కదా అన్నారు. 1,500కు పైగా సంతకాలతో అర్జీ పెట్టారు. 2011 ఆగస్టులో టౌన్ బోర్డు ఏకగ్రీవంగా భూవినియోగ నిబంధనలు మార్చి గ్యాస్ తవ్వకాన్ని నిషేధించింది. ఆ తర్వాతి నెలలోనే కంపెనీ కేసు వేసింది. 2014 జూన్ 30న రాష్ట్ర అత్యున్నత కోర్టు 5-2 తేడాతో ఊరికి అనుకూలంగా తీర్పిచ్చింది. అదే ఏడాది డిసెంబరులో న్యూయార్క్ ప్రభుత్వం ఫ్రాకింగ్ వద్దని రాష్ట్రమంతటికీ ప్రకటించింది.

ఇందులో రైతులంతా ఒకవైపు, కంపెనీ ఒకవైపు అనుకోవద్దు. డ్రైడెన్‌తో పాటే తీర్పు వచ్చిన ఇంకో కేసులో, మిడిల్‌ఫీల్డ్ అనే ఊరి మీద కోర్టుకెళ్లింది ఒక డెయిరీ ఫారమే. భూమి లీజుకిచ్చాం, మా ఆదాయం ఆపుతారా అని. 2009లో అక్కడ పాల ధర కుప్పకూలింది. పెన్సిల్వేనియాలో లీజు డబ్బుతో అప్పు తీర్చి, ఆవుల్ని నిలబెట్టుకున్న కుటుంబాలున్నాయి. వాళ్లను దురాశపరులనడం నాకు ఇష్టం లేదు. ఊరు గెలిచిందంటే శాశ్వతం అనీ కాదు. టెక్సాస్‌లో డెంటన్ పట్టణం 2014 నవంబరులో ఓటు వేసి ఫ్రాకింగ్ నిషేధిస్తే, ఆరు నెలలకే రాష్ట్రం చట్టం తెచ్చి కొట్టేసింది.

మన సంగతి చూస్తే, అమెరికా రైతుకు భూమి కింది గ్యాస్ మీద హక్కు ఉంటుంది, రాయల్టీ వస్తుంది. మన దగ్గర రాయల్టీ ప్రభుత్వానికి. రైతుకు దక్కేది పై భూమి లీజో, నష్టపరిహారమో. లాభంలో వాటా లేదు, నీళ్లు చెడితే మాత్రం మొత్తం మనదే. కృష్ణా గోదావరి బేసిన్‌లో గ్యాస్ బావులు కొత్త కాదు, 1995లో పాశర్లపూడి 65 రోజులు మండటం కోనసీమ పెద్దలు ఇప్పటికీ చెబుతారు. అది ఫ్రాకింగ్ ప్రమాదం కాదు, కలిపేయకండి. కానీ 2013లో కేంద్రం ఓఎన్‌జీసీ, ఆయిల్ ఇండియాలకు షేల్ గ్యాస్ వెతకడానికి అనుమతిచ్చినప్పుడు మన బేసిన్ కూడా అందులో ఉంది. 2018లో మిగతా కంపెనీలకూ దారి తెరిచారు. 2020 జనవరి నుంచి అన్వేషణ బావులకు ప్రజాభిప్రాయ సేకరణ అక్కర్లేదు, ఉత్పత్తి దశలోనే ఉంటుంది. అంటే మనల్ని అడిగేసరికి మొదటి బావి తవ్వేసి ఉంటారు. తమిళనాడు మాత్రం నెడువాసల్ రైతుల ఆందోళన తర్వాత, 2020లో కావేరి డెల్టాను రక్షిత వ్యవసాయ మండలంగా చేసి కొత్త బావులు ఆపింది. మళ్లీ అదే, భూమి దేనికి అన్న ప్రశ్న.

అందుకే పరీక్ష ఇప్పుడే. వేసవి చివర ఒకసారి, వానలు తగ్గాక ఒకసారి. మీటరుతో ఈసీ మీరే చూడొచ్చు. క్లోరైడ్, సోడియం ల్యాబ్‌లో చేయించండి. బేరియం, స్ట్రాన్షియం, నీటిలో కరిగిన మీథేన్ మామూలు భూసార పరీక్ష కేంద్రాల్లో చేయరు, గుర్తింపు ఉన్న నీటి పరీక్షల ల్యాబ్ కావాలి. ఖర్చు ఎక్కువే, కాబట్టి గ్రూపుగా నాలుగు దిక్కులా నాలుగు బోర్లు ఎంచుకుంటే చాలు. నమూనా మీరు పట్టుకెళ్లేకంటే ల్యాబ్ మనిషి చేతే తీయించండి, రేపు కాగితం నిలబడేది అలాగే. బోరు సర్వే నంబరు, లోతు, తారీఖు రిపోర్టు మీద ఉండాలి. ఒక కాపీ పంచాయతీలో ఇచ్చి రసీదు తీసుకోండి.