పాత చావిడికి సిమెంటు పూయకండి

ఇంటి వెనక గొడ్ల చావిడి పాతబడితే మన ఊళ్లలో ఇప్పుడు రెండే దారులు తోస్తున్నాయి: కూలగొట్టి రేకుల షెడ్డు వేయడం, లేదా గోడలకు సిమెంటు పూసి కొత్తదిలా చేయడం. మొదటిది నష్టం. రెండోది ఇంకా పెద్ద నష్టం, బాగుచేశామనే నమ్మకంతోనే కట్టడాన్ని పాడుచేస్తాం కనుక. ఏ సరుకుతో కట్టారో ఆ సరుకుతోనే బాగుచేస్తేనే పాత చావిడి నిలుస్తుంది.

పోర్ట్‌లాండ్ సిమెంటుకు ఇంగ్లండులో పేటెంటు దక్కింది 1824లో. మన పల్లెలకు అది చేరేసరికి చాలా కాలం పట్టింది. అంతకుముందు కట్టినవన్నీ మట్టి గోడలో, డంగు సున్నంతో పేర్చిన ఇటుక, రాతి గోడలో. వాటి పునాదిలో చెమ్మను ఆపే పొర ఉండదు. నేలలోని నీరు గోడలోకి ఎక్కుతుంది, మట్టిపూతలోంచో సున్నపు పూతలోంచో గాలికి ఆరిపోతుంది. సిమెంటు పూస్తే ఆ దారి మూసుకుపోతుంది. చెమ్మ లోపలే చిక్కి ఇంకా పైకి పాకి, గోడలో దూర్చిన దూలాల కొసలను నానబెడుతుంది. కలప పుచ్చుతుంది, చెద పడుతుంది. నీటితో వచ్చిన లవణాలు పూత వెనక పేరుకుని ఇటుకను పొడిపొడిగా రాలుస్తాయి. పైగా సిమెంటు పాత ఇటుక కంటే గట్టిది, గోడ కాస్త కుంగితే పగిలేది ఇటుకే. సున్నం మెత్తనిది. దెబ్బ తానే తింటుంది, మళ్లీ పూసుకోవచ్చు.

ఇదంతా రాజుల కట్టడాలకే గానీ గొడ్ల చావిడికి దేనికి అనవచ్చు. హైదరాబాదులో కుతుబ్‌షాహీ సమాధుల దగ్గర 2013లో ఆగాఖాన్ ట్రస్టు చేపట్టిన పనిలో, వెనకటి మరమ్మతుల్లో పూసిన సిమెంటును చెక్కి తీసి సున్నం పూశారు. కానీ గోడ ఎవరిదైనా చెమ్మ పనిచేసే తీరు ఒక్కటే. ఖర్చు, మేస్త్రీల కొరత మాత్రం నిజమైన ఇబ్బందులే. సున్నం పని నెమ్మది, ప్రతి పూతనూ తడుపుతూ ఆరనివ్వాలి. అయితే చావిడిలో అసలు పని చాలావరకు కప్పు మీదే. బెంగళూరు పెంకులను దించి, కడిగి, బాగున్నవి మళ్లీ పేర్చవచ్చు, తక్కువ పడినవి కూల్చిన ఇళ్ల దగ్గర దొరుకుతాయి. దూలమంతా మార్చనక్కర్లేదు, పుచ్చిన కొస కోసి కొత్త ముక్క అతికితే చాలు. పునాదే కుంగినా, దూలాలన్నీ గుల్లబారినా పట్టుపట్టకండి, దించేయడమే క్షేమం.

గొడ్లే లేనప్పుడు చావిడెందుకనే ప్రశ్నకు జవాబు వాడకమే. ధాన్యమో, పనిముట్లో, ట్రాక్టరో పెట్టుకుంటే కప్పు కారడం వెంటనే కంటపడుతుంది. అన్నదమ్ముల ఉమ్మడి ఆస్తి అయితే ఖర్చు ఎవరెంత పెట్టాలో ముందే కాగితం మీద రాసుకోండి. వానలు పడకముందే పెంకులు సర్దించి, చూరు నీరు గోడ మొదట్లో నిలవకుండా కాలువ తీయించండి. గోడల పని ఆ తర్వాతే.