నల్లరేగడి నేలలో తారుబాట



పంట పండించుట యొక యెత్తు. దానిని గుంటూరు మిరపయార్డునకు చేర్చుట మఱియొక యెత్తు. అమరావతి చుట్టుపట్ల పల్లెలనుండి మిరపటిక్కీలు, పత్తిబోరాలు మోయు బండికి గోతులబాట యెదురైనచో కిరాయి పెరుగును, ఇరుసు విఱుగును. కావున తారుబాట యెట్లు నిలుచునో మనమును కొంత తెలిసికొనవలయును.

మనము తారని పిలుచు బిట్యుమెనును, కంకరను సుమారు 150 మొదలు 165 డిగ్రీల సెంటీగ్రేడు వఱకు కాచి కలుపుట వాడుకలోనున్న పద్ధతి. వేరుసెనగ యుండలు చుట్టు ఇల్లాలికి దీని మర్మము తెలియును. పాకము వేడిగా నున్నంతసేపే యుండ కట్టును. చల్లారిన పిదప నెంత నొక్కినను కట్టదు. అటులనే దూరపు ప్లాంటునుండి వచ్చులోపల మిశ్రమము చల్లబడినచో, రోలరు నెంత త్రిప్పినను లోపల ఖాళీలు మిగులును. వానిలో నీరు చేరి గోతులు పడును.

ఇందులకు ఐరోపా దేశములలో 1990వ దశకమున నొక యుపాయము కనిపెట్టిరి. కాగిన తారులో కొలదిగా నీటిని చిమ్మి నురుగెత్తింతురు. లేదా మైనము వంటి పదార్థమునో, రసాయనమునో చేర్తురు. అందుచే సుమారు 30 డిగ్రీలు తక్కువ వేడియందే తారు కంకరకు పట్టును, మిశ్రమము రోలరునకు లొంగును. ఇంధనము మిగులును, పొగ తగ్గి కూలీలకు మేలగును. మన దేశమున ఇండియన్ రోడ్స్ కాంగ్రెసువారు 2014లో దీనికి మార్గదర్శక నియమములు ప్రకటించిరి.

అయితే లోపమును గలదు. వేడి తక్కువ గనుక కంకరలోని తడి పూర్తిగా ఆరకపోవచ్చును. తడికంకరను తారు గట్టిగా పట్టదు, వానకు ఊడిపోవును. కావున కంకరను కప్పు క్రింద పొడిగా నుంచుట ముఖ్యము.

మఱియొక మాట. మన నల్లరేగడి వానకుబ్బును, వేసవిని నెఱ్ఱెలు విచ్చును. క్రింది నేల కదలినచో ఏ మిశ్రమమైనను పగులును. పునాది గట్టిగాను, ప్రక్కకాలువలు పూడక తెఱపిగాను ఉండవలయును. ఇచ్చట మన బాధ్యతయు గలదు. పొలపునీటిని బాటపైకి వదలుట, గొట్టములకై బాటను త్రవ్వి యటులనే విడుచుట, ఇనుప దమ్ముచక్రముల ట్రాక్టరును తారుపై నడపుట మానవలయును.

మీ గ్రామమున బాట వేయునాడు సంఘసభ్యులు దగ్గఱ నిలిచి, కంకర పొడిగా నున్నదా, లారీలోని మిశ్రమపు వేడి యెంత యని అడుగుడు. అడుగుటకు రుసుము లేదు. అడుగకున్న కలుగు నష్టము ప్రతి టిక్కీపైనను పడును.